లేబుల్ మీద రాయల్ గ్రామా, ట్యాంకులో మాత్రం రౌడీ! ఇంతకీ ఇది ఏ చేప?

ఉప్పునీటి కొత్తోడు:
అందరికీ నమస్కారం. నేను ఉప్పునీటి ట్యాంకు పెట్టి 7 నెలలైంది. 180 లీటర్లు. ఒక జత క్లౌన్‌ఫిష్, ఒక ఫైర్‌ఫిష్, రెండు క్లీనర్ ష్రింప్‌లు ఉన్నాయి. పోయిన వారం "రాయల్ గ్రామా" అని లేబుల్ ఉన్న చేపను తెచ్చాను. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. ఎక్కడ చదివినా నెమ్మదైన చేప, కొత్తవాళ్లు పెంచుకోవచ్చు అనే ఉంది.

మూడో రోజు నుంచి ఇది ఫైర్‌ఫిష్ వెంట పడింది. నిన్న చూస్తే ఫైర్‌ఫిష్ తోక అంచు చిరిగి ఉంది. లైటు వేసినా బయటికి రావడం లేదు, మేత వేసినా రావడం లేదు, రాయి వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. నేను చదివిన రాయల్ గ్రామా, నా ట్యాంకులో ఉన్న రాయల్ గ్రామా ఒకటేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

పగడాల పిచ్చి:
ఫోటో పెట్టు తమ్ముడూ. పక్క నుంచి తియ్యి, ఫ్లాష్ వద్దు. ఫోటో వచ్చేలోగా ఒక్కటి చెప్పు: ఊదా రంగు పసుపులోకి మెల్లగా కలిసిపోతోందా, లేక గీత గీసినట్టు అక్కడికక్కడే ఆగిపోయిందా?

ఉప్పునీటి కొత్తోడు:
ఫోటో పెట్టాను అక్కా. గీత గీసినట్టే ఉంది. స్కేలు పెట్టి రంగు వేసినట్టు.

రెక్కల లెక్క:
అయితే అది గ్రామా కాదు. రాయల్ డాటీబ్యాక్. శాస్త్రీయ నామం పిక్టిక్రోమిస్ పక్కాన్యెల్లా.

అసలు రాయల్ గ్రామా అంటే గ్రామా లోరెటో. దానికి ఊదా, పసుపు కలిసే చోట గీత ఉండదు. నడుం దగ్గర ఊదా మీద పసుపు చుక్కలు చల్లినట్టు ఉండి, పోనుపోను అవే పసుపుగా మారిపోతాయి. వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్ల మచ్చ ఉంటుంది. పొట్ట కింద రెక్కలు పొడుగ్గా, ఊదాగా ఉంటాయి. మీ ఫోటోలో వీపు రెక్క గాజు ముక్కలాగా ఉంది, దాదాపు రంగే లేదు, మచ్చ అసలే లేదు. ఇంక అనుమానం అక్కర్లేదు.

ఈ రెండింటికీ చుట్టరికం కూడా లేదు. గ్రామా అట్లాంటిక్‌లో, కరీబియన్ వైపు చేప. డాటీబ్యాక్ పశ్చిమ పసిఫిక్ చేప. సముద్రంలో ఈ రెండూ ఒకదానినొకటి చూసే అవకాశమే లేదు. షాపు ట్యాంకులో పక్కపక్కన పెట్టాకే ఈ గొడవంతా.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
దీన్నే "ఫాల్స్ గ్రామా" అని కూడా అమ్ముతారు. లేబుల్ రాసేవాడు ఆ "ఫాల్స్" అన్న ముక్క మింగేస్తే మిగిలేది గ్రామాయే కదా.

ఉప్పునీటి కొత్తోడు:
రెండూ 7, 8 సెంటీమీటర్ల చేపలే కదా, మరి స్వభావంలో ఇంత తేడానా?

పగడాల పిచ్చి:
చాలా తేడా. గ్రామా తన గుహ ముందు నిలబడి నోరు తెరిచి బెదిరిస్తుంది, అంతటితో సరి. ఎక్కువసేపు రాతి చూరు కింద తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. కొత్తవాళ్లు అది చూసి చేపకి జబ్బు చేసిందని కంగారు పడతారు కూడా. డాటీబ్యాక్ అలా కాదు. ట్యాంకు మొత్తం నాదే అనుకుంటుంది. తన సైజులో ఉండి, మెత్తగా ఉన్నవాళ్లే దాని టార్గెట్. ఫైర్‌ఫిష్ కంటే మెత్తనిది ఏముంది చెప్పు.

ముందు మూత ఉందో లేదో చూడు. భయపడిన ఫైర్‌ఫిష్ ఎగిరి బయట పడుతుంది. తెల్లారి నేల మీద ఎండిపోయి కనిపిస్తుంది. ఆ తర్వాత డాటీబ్యాక్‌ని పట్టే పని చూద్దాం. వలతో మాత్రం పట్టలేవు, రాళ్లన్నీ పీకాల్సి వస్తుంది. ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిప్పి లోపలికి దూర్చు. లోపల మేత వేసి దాని గుహ దగ్గర పెట్టు.

రెక్కల లెక్క:
మధ్యలో ఒక ప్రశ్న. మీరు "ఫైర్‌ఫిష్" అంటున్నది ఏ చేప?

ఉప్పునీటి కొత్తోడు:
అదేంటండీ, ఫైర్‌ఫిష్ అంటే ఫైర్‌ఫిష్. ముందు సగం తెలుపు, తోక ఎరుపు, వీపు మీద ఏంటెన్నా లాగా పొడుగు ముల్లు.

రెక్కల లెక్క:
సరే, నెమటెలియోట్రిస్ మాగ్నిఫికా. ఎందుకు అడిగానంటే, చాలా పుస్తకాల్లో ఫైర్‌ఫిష్ అంటే లయన్‌ఫిష్. టెరాయిస్ వోలిటాన్స్, విషపు ముళ్లు ఉండేది. దానికే టర్కీఫిష్, జీబ్రాఫిష్ అని కూడా పేర్లున్నాయి. ఒకటి చిటికెన వేలంత పిరికి చేప, ఇంకొకటి ఆ చిటికెన వేలంత చేపల్ని ఒక్క గుక్కలో మింగేది. పేరు మాత్రం ఒకటే.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
లయన్‌ఫిష్ అయ్యుంటే ఈ చర్చ డాటీబ్యాక్ మొదలుపెట్టి ఉండేది, "కాపాడండి" అని.

నీలి ట్యాంగ్ బాధితుడు:
నా కథ కూడా వినండి. ఆన్‌లైన్‌లో "బ్లూ ట్యాంగ్" అని ఆర్డర్ పెట్టాను. పెట్టె విప్పితే సంచిలో నిమ్మపండు రంగు చేప! పొరపాటున యెల్లో ట్యాంగ్ పంపారని ఫోన్ చేసి గొడవ పడ్డాను. అవతలాయన చల్లగా, "అది బ్లూ ట్యాంగే సార్, ఇంకా చిన్నపిల్ల" అన్నాడు. నన్ను వెర్రివాణ్ని చేస్తున్నాడనుకున్నాను.

ఆయన చెప్పింది నిజమే. నాకు వచ్చింది అట్లాంటిక్ బ్లూ ట్యాంగ్, అకాంథ్యూరస్ సెరులియస్. పిల్లప్పుడు ఒళ్లంతా పసుపే, పెద్దయ్యే కొద్దీ నీలం అవుతుంది. మధ్యలో కొన్నాళ్లు ఒళ్లు నీలం, తోక పసుపు. నేను మనసులో అనుకున్నది పారకాంథ్యూరస్ హెపాటస్, ఒంటి మీద చిత్రకారులు రంగులు కలిపే పలకలాంటి నల్లటి పాలెట్ బొమ్మ ఉండేది. ఆ ఒక్కదానికే బ్లూ ట్యాంగ్, రీగల్ ట్యాంగ్, హిప్పో ట్యాంగ్, పాలెట్ సర్జన్‌ఫిష్ అని నాలుగు పేర్లు. అటు చూస్తే రీగల్ ఏంజెల్ అని వేరే కుటుంబం చేప ఇంకొకటి.

యెల్లో ట్యాంగ్‌కి మూతి ముందుకు సాగి ఉంటుంది, రెక్కలు తెరచాపల్లా ఎత్తుగా లేస్తాయి. నా చేపకి ఆ రెండూ లేవు. ఆ రోజు సంచి పట్టుకుని అది చూసి ఉంటే ఫోన్‌లో అంత అరిచేవాణ్ని కాదు.

రెక్కల లెక్క:
పసుపు రంగు ట్యాంగ్ పిల్లలంటే ఇంకొకటి గుర్తొచ్చింది. అకాంథ్యూరస్ పైరోఫెరస్, చాక్లెట్ ట్యాంగ్. పిల్లగా ఉన్నప్పుడు ఇది లెమన్‌పీల్ ఏంజెల్ చేపను అనుకరిస్తుంది, కంటి చుట్టూ నీలి గీతతో సహా. ఇంకో చోట హాఫ్‌బ్లాక్ ఏంజెల్‌ను అనుకరిస్తుంది. అసలు ఏంజెల్‌కి చెంప కింద ఒక ముల్లు ఉంటుంది, ట్యాంగ్‌కి తోక మొదట్లో కత్తి ఉంటుంది. ఇక్కడ లేబుల్ రాసినవాణ్ని కూడా తప్పు పట్టలేం. మోసం చేస్తున్నది చేపే.

మాజీ కౌంటర్:
ఆ మాటకి థ్యాంక్స్ అండీ. నేను మూడేళ్లు చేపల షాపులో పనిచేశాను. ఇక్కడ అందరూ లేబుల్ రాసినవాణ్ని తిడుతున్నారు కాబట్టి మా వైపు కూడా చెప్తాను. మా దగ్గర పెట్టెలు రాత్రిపూట దిగేవి. చాలా సంచుల మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఎగుమతిదారు పంపిన జాబితాలో వెతకాలి. జాబితాలో పేరు ఆ దేశంలో పట్టేవాళ్లు పిలిచేదో, వ్యాపారం కోసం పెట్టిందో ఉంటుంది. "అసార్టెడ్ డామ్సెల్", "అసార్టెడ్ రాస్" అని రాసి ఒకే పెట్టెలో ఆరు జాతులు వచ్చేవి. చేపలు అప్పటికే ఎన్నో గంటలు సంచిలో ఉన్నాయి. వాటిని నీళ్లలోకి అలవాటు చేయాలా, కూర్చుని ముళ్లు లెక్కపెట్టాలా?

చాలావరకు మోసం కాదు, హడావుడి. అలాగని అమ్మేటప్పుడు అడిగినా చూడకుండా "అవును సార్ అదే" అనేవాళ్లూ ఉన్నారు. నేనూ అన్నాను. ఒకాయనకి లేబుల్ మీద పేరు చూసి "స్కూటర్ బ్లెనీ" ఇచ్చి, "బ్లెనీయే కదా, నాచు తింటుంది" అని చెప్పాను. అది నాచు తినదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సంప్ కింద నేను:
నాకు ఈ చర్చ కాస్త అతిగా అనిపిస్తోంది. నిజం చెప్పాలంటే 15 ఏళ్లుగా మామూలు పేర్లతోనే చేపలు పెంచుతున్నాను. చేపకి తన లాటిన్ పేరు తెలియదు. ఆరోగ్యంగా ఉందా, తింటోందా, అది చూసుకుంటే చాలు. కొత్తవాళ్లని ఈ పేర్లతో భయపెట్టకండి.

పగడాల పిచ్చి:
"తింటోందా చూసుకుంటే చాలు" అన్నారు కదా, సరిగ్గా అక్కడే నేను దెబ్బతిన్నాను సుమా.

మొదట్లో "మాండరిన్ గోబీ" అని తెచ్చుకున్నాను. నా దగ్గర అప్పటికే రెండు గోబీలు ఉన్నాయి, ఏది వేసినా తినేవి. ఇదీ గోబీయే కదా అనుకున్నాను. ఇది గోబీ కాదు, డ్రాగనెట్ అనే వేరే కుటుంబం చేప. సింకిరోపస్ స్ప్లెండిడస్. రాళ్ల మీద పాకే కోపెపాడ్‌ల లాంటి చిన్న జీవుల్ని రోజంతా ఏరుకుని తింటుంది. మనం రోజుకి రెండుసార్లు వేసే మేత వైపు చాలావరకు తిరిగి కూడా చూడదు. నేను వేసిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యల మేత) దాని మూతి ముందు నుంచే జారిపోయేది. అదేమో పక్కన రాయి మీద ఏదో టక్కుమని పొడిచేది. తింటోందనే అనుకున్నాను. పొడవడం చూశాను, పొట్ట చూడలేదు. ఐదో వారానికి పొట్ట లోపలికి పీక్కుపోయింది, తల వెనక వెన్ను గట్టులా లేచింది. అప్పటికి ఆలస్యమైపోయింది. అంత అందమైన చేపను ఆకలితో చంపాను.

ఇంకా వినండి. మాజీ కౌంటర్ గారు చెప్పిన "స్కూటర్ బ్లెనీ" కూడా డ్రాగనెట్టే, అదే సింకిరోపస్. అంటే ఒకే ఇంటి చేపల్లో ఒకదానికి గోబీ అని, ఇంకొకదానికి బ్లెనీ అని పేరు పెట్టారు. రెండూ తప్పే.

సంప్ కింద నేను:
మాండరిన్ సంగతి ఒప్పుకుంటాను. నేను ఎప్పుడూ పెంచలేదు.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
"ఇంజనీర్ గోబీ"ని మర్చిపోయారు. గోబీ కాదు. దానికి ఇంకో పేరు "కన్విక్ట్ బ్లెనీ", బ్లెనీ కూడా కాదు. దానికంటూ ప్రత్యేకంగా ఒక కుటుంబమే ఉంది. పిల్లప్పుడు చారల క్యాట్‌ఫిష్ లాగా ఉంటుంది. పెద్దయ్యాక 30 సెంటీమీటర్లు దాటిన పాము లాగా ఉండి, ఇసకంతా తవ్వి రాళ్లు కూలుస్తుంది. పేరులో "ఇంజనీర్" ఒక్కటే నిజం. నా రాళ్ల గుట్టని ఒక్క రాత్రిలో రీడిజైన్ చేసింది.

నీలి ట్యాంగ్ బాధితుడు:
ఓడోనస్ నైజర్ కూడా చెప్పండి. నైజర్ అంటే లాటిన్‌లో నలుపు. చేప నీలం. పళ్లు ఎరుపు.

ఉప్పునీటి కొత్తోడు:
ఇవన్నీ చదువుతుంటే నా క్లౌన్‌ఫిష్ మీద కూడా అనుమానం వస్తోంది. లేబుల్ మీద "పెర్క్యులా" అని ఉంది. నిజమేనా?

రెక్కల లెక్క:
వీపు రెక్కలో గట్టి ముళ్లు లెక్కపెట్టండి. ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్‌కి సాధారణంగా 11, ఆంఫిప్రియాన్ పెర్క్యులాకి సాధారణంగా 10. లాసెపెడ్ 1802లో పెర్క్యులాకి పేరు పెట్టాడు. క్యూవియర్ 1830లో ఒసెల్లారిస్‌ని వేరే జాతిగా వర్ణించాడు.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
లెక్కల మాస్టారూ, ఒళ్లంతా ఊపుకుంటూ ఈదే చేప రెక్కలో ముళ్లు ఎలా లెక్కపెట్టాలో కూడా చెప్పండి. నేను ఒకసారి గంటన్నర ప్రయత్నించి 9, 11, 13 అని మూడు జవాబులు తెచ్చుకున్నాను.

రెక్కల లెక్క:
రెండు క్లౌన్‌లు కొట్లాడుకునేటప్పుడు రెక్క పూర్తిగా విప్పుతాయి, అప్పుడు ఫోటో తీసి పెద్దది చేసి చూడాలి. లేదంటే కన్ను చూడండి. పెర్క్యులా కనుపాప చుట్టూ ముదురు నారింజ రంగు ఉంటుంది, అందుకని కన్ను చిన్నదిగా కనిపిస్తుంది. ఒసెల్లారిస్‌కి ఆ వలయం కాస్త బూడిద రంగులో ఉండి కన్ను పెద్దదిగా కనిపిస్తుంది. తెల్ల పట్టీల అంచున నలుపు పెర్క్యులాలో సాధారణంగా దట్టంగా ఉంటుంది, కానీ ఆ ఒక్కటే నమ్ముకోకండి.

పగడాల పిచ్చి:
తమ్ముడూ, దీనికి మాత్రం నిద్ర పాడు చేసుకోకు. రెండింటికీ తిండి ఒకటే, సైజు దాదాపు ఒకటే, నీళ్లు ఒకటే. ఇప్పుడు చాలావరకు ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే, రెండూ కలిసిన సంకరాలు కూడా ఉన్నాయి. "పికాసో", "స్నోఫ్లేక్" అనేవి జాతులు కావు, పెంపకందారులు పెట్టిన డిజైన్ పేర్లు. పిల్లల్ని పెంచి అమ్మాలనుకుంటే తప్ప ఈ తేడాతో నీకు పనిలేదు.

నీలి ట్యాంగ్ బాధితుడు:
ఆగండి ఆగండి, పికాసో అంటే ట్రిగ్గర్‌ఫిష్ కాదా?

పగడాల పిచ్చి:
అదీ ఉంది. పికాసో ట్రిగ్గర్, రైనెకాంథస్ అక్యులియేటస్. 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, క్లీనర్ ష్రింప్‌ని టిఫిన్‌లా తినేస్తుంది. ఎవరైనా "మా ట్యాంకులో పికాసో ఉంది" అంటే ఏ పికాసో అని అడక్కుండా ష్రింప్‌ని కొనకండి.

సంప్ కింద నేను:
సరే, మామూలు పేర్లు గందరగోళమే. కానీ శాస్త్రీయ నామాలు మాత్రం స్థిరంగా ఉన్నాయా? మెరూన్ క్లౌన్ నిన్నటిదాకా ప్రెమ్నాస్, ఇవాళ ఆంఫిప్రియాన్ అంటున్నారు. మన కొత్తోడి డాటీబ్యాక్ నా పాత పుస్తకంలో సూడోక్రోమిస్ పక్కాన్యెల్లే అని ఉంది. ఆ పేరూ ఈ పేరూ ఒకటేనని ఎవరు చెప్తారు?

రెక్కల లెక్క:
మంచి ప్రశ్న. మన తెలుగువాళ్లకి ఇది సులభంగానే అర్థం కావాలి. శాస్త్రీయ నామం మన పేర్లలాంటిదే: ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. ప్రెమ్నాస్ బైయాక్యులియేటస్ దత్తత వెళ్లింది, ఇంటిపేరు మారి ఆంఫిప్రియాన్ బైయాక్యులియేటస్ అయింది. సొంత పేరు అలాగే ఉంది. కొన్నిసార్లు కొత్త ఇంటిపేరుకి తగ్గట్టు చివరి అక్షరాలు కొద్దిగా సర్దుతారు, అంతే. పాత పేరును చేపల వివరాలుండే వెబ్‌సైటు ఫిష్‌బేస్‌లో కొట్టినా కొత్త పేరు దగ్గరికే తీసుకెళ్తుంది. "హిప్పో ట్యాంగ్" అనే మాటకి అలాంటి రికార్డు ఎవరూ పెట్టరు.

అయితే ఇంటిపేరును పొడి అక్షరం చేస్తే మళ్లీ ప్రమాదమే. "సి. అల్టివెలిస్" అని లేబుల్ ఉందనుకోండి. అది కాలోప్లెసియోప్స్ అల్టివెలిస్ కావచ్చు. మెరైన్ బెట్టా అంటారు, నల్లని ఒంటి మీద తెల్ల చుక్కలు, 20 సెంటీమీటర్ల చేప. లేదా క్రోమిలెప్టెస్ అల్టివెలిస్ కావచ్చు. పాంథర్ గ్రూపర్, తెల్లని ఒంటి మీద నల్ల చుక్కలు. అరచేతిలో పట్టేంత పిల్లగా అమ్ముతారు, 70 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండింటి పొడి అక్షరమూ "సి"యే.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
ఒకటి ట్యాంకులో పెరుగుతుంది, ఇంకొకదానికి ట్యాంకే పెరగాలి.

మాజీ కౌంటర్:
నేను ఇప్పుడు కొనేటప్పుడు పేరు తర్వాత చూస్తాను, నోరు ముందు చూస్తాను. క్లీనర్ రాస్ ఉంది కదా, లాబ్రాయిడిస్ డిమిడియేటస్. దాని వేషం వేసుకున్న బ్లెనీ ఒకటుంది, ఆస్పిడాంటస్ టీనియేటస్. అదే నీలం, అదే నల్ల చార, ఒళ్లు ఊపుతూ ఈదడం కూడా అదే. క్లీనర్ రాస్ నోరు మూతి కొసన ఉంటుంది. దొంగదానికి మూతి కింద, సొరచేప నోటిలా వెనక్కి ఉంటుంది. శుభ్రం చేస్తుందని మిగతా చేపలు ఆగి నిలబడితే ఇది రెక్క ముక్క కొరుక్కుని పోతుంది. ట్యాంకు అద్దం మీదికి వచ్చినప్పుడు కింద నుంచి ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. ఒక్క నిమిషం పని.

పగడాల పిచ్చి:
ఇంకో చిన్న విన్నపం, మనవాళ్లకే. ఇక్కడ ఒకరు "లోరెటో" అని, ఒకరు "లొరేటో" అని, ఇంకొకరు "లారెటో" అని రాస్తున్నారు. పాత పోస్టులు వెతికితే దొరకడం లేదు. నా మాండరిన్ పోస్టు నాకే దొరకలేదు, "మాండారిన్" అని దీర్ఘం పెట్టి రాశానట.

రెక్కల లెక్క:
ఫోరమ్ పైన అతికించడానికి ఒక పట్టిక తయారు చేస్తాను. ఒక్కో చేపకి ఒకే తెలుగు వర్ణక్రమం, పక్కన అన్ని మారుపేర్లు. ఈ ఆదివారం ట్యాంగ్‌లతో మొదలుపెడతాను.

అర్ధరాత్రి వాటర్‌ఛేంజ్:
ఇది మూడో ఆదివారం వాగ్దానం. గుర్తు చేస్తున్నానంతే.

ఉప్పునీటి కొత్తోడు:
అప్‌డేట్. సీసా ఉచ్చు పనిచేసింది! మొదటి రోజు క్లౌన్ పడింది, రెండో రోజు ష్రింప్ దూరి మేతంతా తినేసింది. నిన్న సాయంత్రం ఊదా-పసుపు రౌడీ లోపలికి వచ్చింది. సీసాలో కూడా నా వేలి మీదికే దూకుతోంది. పెద్ద డామ్సెల్‌లు ఉన్న ఒక స్నేహితుడి ట్యాంకుకి పంపించాను, అక్కడ దాని ఆటలు సాగడం లేదట.

ఇవాళ పొద్దున ఫైర్‌ఫిష్ రాయి వెనక నుంచి తల బయటపెట్టింది. మధ్యాహ్నానికి ఏంటెన్నా ఎత్తి రెండు ముక్కలు తింది. తోక అంచు కూడా మూసుకుంటోంది. అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. మూత కూడా చేయించాను.

అన్నట్టు, ఆ స్నేహితుడు డాటీబ్యాక్‌కి బదులుగా తన దగ్గరున్న చేపను ఒకటి ఇచ్చాడు. దాని సంచి మీద "అసార్టెడ్ గోబీ" అని ఉందట. ఇంకా నా ట్యాంకులో వెయ్యలేదు, వేరే బకెట్‌లో ఎయిర్‌స్టోన్ పెట్టి ఉంచాను. ఫోటో పెడుతున్నాను.

రెక్కల లెక్క:
బకెట్ పైనుంచి తీసిన ఫోటో పనికిరాదు. గాజు గిన్నెలోకి మార్చి పక్క నుంచి తియ్యండి, నోరు కనిపించాలి.